రోవర్ గ్యాస్ టర్బైన్ కార్లు: పదిహేనేళ్ల ప్రయోగం ఎక్కడ తప్పింది, ఏం మిగిల్చింది

పైకప్పు లేని రెండు సీట్ల కారు ఒకటి లండన్ సైన్స్ మ్యూజియం సేకరణలో ఉంది. ముందు నుంచి చూస్తే 1950 నాటి రోవర్ 75 సెలూన్‌కు చుట్టమని తెలిసిపోతుంది, ఛాసిస్ దానిదే. సీట్ల వెనక్కి వస్తేనే తేడా బయటపడుతుంది. రెండు పక్కలా గాలి లోపలికి పోయేందుకు జాలీలు, తోక మీద పైకి తెరుచుకున్న పొగ ద్వారాలు. నంబరు ప్లేటు మీద ‘జెట్1’ అని ఉంటుంది. గ్యాస్ టర్బైన్ ఇంజన్‌తో నడిచిన తొలి కారు ఇదే.

1950లో జెట్1తో మొదలుపెట్టి 1965లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల కార్ల పందెం దాకా బ్రిటిష్ కార్ల కంపెనీ రోవర్ ఈ ఇంజన్‌ను వదలకుండా పట్టుకుంది. టీ3, టీ4, రోవర్-బీఆర్ఎం అని ఒకదాని తర్వాత ఒకటి కార్లు తయారుచేసింది. వీటిలో ఒక్కటీ షోరూముకు రాలేదు. ‘కాలం కంటే ముందు పుట్టిన కార్లు’ అని వీటిని పొగడటం పరిపాటి. ఆ పొగడ్తలో ఒక పొరపాటుంది. ఇంకో పదేళ్లు ఆగితే గెలిచేవన్న అర్థం అందులో వస్తుంది. రోవర్ కొలిచిన మైలేజీ లెక్కలు ఒక్కొక్కటిగా చూస్తే, వాటిని ఓడించింది కాలం కాదనీ, కారు నడిచే తీరుకూ టర్బైన్ పనిచేసే తీరుకూ మధ్య ఉన్న వైరమనీ తెలుస్తుంది. ఆ వైరం ఎంత లోతైనదో ఎవరైనా కారు కట్టి, నడిపి, కొలిచి చూస్తే తప్ప తేలేది కాదు. ఆ పని చేసింది రోవరే.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మోటారు షోలో తిరిగే వేదిక మీద పెట్టే కాన్సెప్ట్ కారుకు చూపరుల కన్ను పడటమే పని. చాలాసార్లు దాని బానెట్ కింద ఇంజన్ కూడా ఉండదు. ప్రోటోటైప్ అలా కాదు. అది ఒక ప్రశ్నకు జవాబు రాబట్టడానికి కట్టిన యంత్రం. రోవర్ టర్బైన్ కార్లు షోలకు వెళ్లాయి, జనాన్ని ఆకట్టుకున్నాయి, అయినా అసలు జాతి ప్రోటోటైపే. ప్రతి కారూ ముందు కారు మిగిల్చిన ప్రశ్నను ఎత్తుకుంది.

విమానం నుంచి కారుకు

సెలూన్ కార్లు చేసే కంపెనీకి జెట్ ఇంజన్ ఆలోచన ఎలా వచ్చిందంటే, యుద్ధం వల్ల. బ్రిటిష్ ఇంజనీరు ఫ్రాంక్ విటిల్ రూపొందించిన డబ్ల్యూ.2బీ జెట్ ఇంజన్‌ను తయారుచేసే బాధ్యతను 1940లో ప్రభుత్వం రోవర్‌కు అప్పగించింది. ఉత్తర ఇంగ్లండ్‌లోని బార్నోల్డ్‌స్విక్, క్లిథెరో పట్టణాల్లో మూతపడిన బట్టల మిల్లుల్లో పని సాగింది. విటిల్‌కూ రోవర్‌కూ పొసగలేదు. చివరికి 1943లో రోల్స్-రాయిస్ జెట్ ఇంజన్ పనిని తీసుకుని, బదులుగా నాటింగ్‌హామ్‌లోని తన ట్యాంక్ ఇంజన్ పనిని రోవర్‌కు ఇచ్చింది. జెట్ ఇంజన్ చేతులు దాటిపోయింది, అనుభవం మాత్రం మిగిలింది. యుద్ధం ముగిశాక కంపెనీ ఇంజనీరింగ్ పెద్ద మారిస్ విల్క్స్ ఆ అనుభవాన్ని కారులోకి తేవాలనుకున్నాడు. రోల్స్-రాయిస్‌లో పని నేర్చుకున్న ఫ్రాంక్ బెల్, విల్క్స్ మేనల్లుడు స్పెన్ కింగ్ అందుకు వచ్చి చేరారు.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న చందం కాదిది. ఆనాటి లెక్కలో టర్బైన్‌కు నిజంగానే మంచి గుణాలున్నాయి. పిస్టన్లు, వాల్వులు, రేడియేటర్ ఉండవు. తిరిగే భాగాలు తక్కువ, అదురు దాదాపు లేదు. పెట్రోలు, కిరోసిన్, డీజిల్ ఏది పోసినా మండుతుంది. క్లచ్ అక్కర్లేదు. చలికాలం పొద్దున కూడా మొరాయించకుండా స్టార్టవుతుంది.

లోపల జరిగేది

కారు టర్బైన్‌లో రెండు షాఫ్టులుంటాయి, రెంటికీ ఇనుప బంధం లేదు. మొదటి షాఫ్టుకు ఒక చివర కంప్రెసర్ చక్రం, రెండో చివర దాన్ని తిప్పే టర్బైన్ చక్రం. కంప్రెసర్ బయటి గాలిని పీల్చి సుమారు నాలుగు రెట్లు ఒత్తుతుంది. ఒత్తిడికే ఆ గాలి దాదాపు 200 డిగ్రీలకు వేడెక్కుతుంది. దహన గదిలో ఇంధనం మండి వేడి 800 డిగ్రీలు దాటుతుంది. ఆ వాయువు మొదటి టర్బైన్‌ను తిప్పి, మిగిలిన బలంతో రెండో షాఫ్టు మీదున్న టర్బైన్‌ను తిప్పుతుంది. చక్రాలకు వెళ్లేది ఈ రెండో షాఫ్టు. మధ్యలో వాయువే బంధం కాబట్టి, కారు ఆగి ఉన్నా మొదటి షాఫ్టు తన మానాన తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ లేకపోయినా ఇంజన్ ఆగిపోకపోవడానికి కారణం ఇదే. కదలబోయే క్షణంలో రెండో షాఫ్టు మీద మెలితిప్పే బలం అత్యధికంగా ఉంటుంది, అందుకే గేర్ల అవసరమూ తగ్గింది.

ఇంతవరకూ అందంగానే ఉంది. ఇప్పుడు ఖర్చు చూడాలి. రెండు టర్బైన్లూ కలిపి 300 హార్స్‌పవర్ పుట్టిస్తే, అందులో సుమారు 200 కంప్రెసర్‌నే తిప్పడానికి పోతుంది. చక్రాలకు చేరేది 100. ఊళ్లో నెమ్మదిగా పోయే కారుకు కావలసింది పది, పదిహేను హార్స్‌పవర్. ఆ కాస్త బలానికి కూడా కంప్రెసర్ గరిష్ఠ వేగంలో సగానికి దగ్గరగా తిరుగుతూ ఉండాలి, లేకపోతే మంట నిలవదు. పెళ్లి వంటకు తవ్విన గాడిపొయ్యి మీద ఒక్క గ్లాసు టీ కాచుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. విమానానికి ఈ బాధ లేదు. పైకి లేచాక గంటల తరబడి దాదాపు ఒకే బలంతో పోతుంది. కారు జీవితమంతా తగ్గడం, ఆగడం, మళ్లీ కదలడం.

రెండో చిక్కు పరిమాణానిది. టర్బైన్ రెక్క కొనకూ చుట్టూ ఉన్న గోడకూ మధ్య కొద్దిగా ఖాళీ వదలాలి. లోహం వేడికి సాగుతుంది, బేరింగులకు కాస్త ఆట ఉంటుంది కాబట్టి ఆ ఖాళీని ఒక హద్దుకు మించి తగ్గించలేరు. 0.3 మిల్లీమీటర్లు వదిలారనుకుందాం. విమాన ఇంజన్‌లో 200 మిల్లీమీటర్ల రెక్కకు అది 0.15 శాతం. కారు ఇంజన్‌లో 20 మిల్లీమీటర్ల రెక్కకు అదే ఖాళీ 1.5 శాతం. ఆ సందులోంచి జారిపోయిన వాయువు ఏ పనీ చేయదు. ఇంజన్‌ను చిన్నది చేసేకొద్దీ ఇలాంటి నష్టాలన్నీ పెద్దవవుతాయి. పైగా ఒక్క చేతిలో ఇమిడే చక్రం కూడా భయంకరమైన వేగంతో తిరగాలి. 15 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం నిమిషానికి 52,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 400 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది, మామూలు గాలిలో శబ్దం కంటే వేగంగా. ఆ ఒత్తిడిని ఎర్రగా కాలుతూ తట్టుకోగలిగినవి నికెల్ మిశ్రమ లోహాలే. వాటి ధర, వాటిని పోతపోసే ఖర్చు సెలూన్ కారు లెక్కలోకి వచ్చేవి కావు.

జెట్1, టీ3

జెట్1ను 1950 మార్చిలో సిల్వర్‌స్టోన్ రేసు ట్రాక్ మీద చూపించారు. గంటకు 140 కి.మీ. వేగం అందుకుంది. మెరుగుపరిచిన ఇంజన్‌తో 1952 జూన్‌లో బెల్జియంలోని జాబెక్ రహదారి మీద గంటకు 240 కి.మీ. దాటింది. వేగం విషయంలో ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు. మైలేజీ మాత్రం గాలనుకు ఆరు మైళ్ల ప్రాంతం, అంటే లీటరుకు సుమారు రెండు కిలోమీటర్లు.

నష్టం ఎక్కడ జరుగుతోందో పొగ ద్వారం దగ్గరే తెలిసిపోతుంది. బయటికి పోయే వాయువు 550 డిగ్రీల దాకా ఉంటుంది. దహన గదికి వెళ్లే గాలి 200 డిగ్రీలే. పోయే వేడిని వచ్చే గాలికి అందిస్తే ఆ మేరకు ఇంధనం మిగులుతుంది. ఈ పని చేసే పరికరం హీట్ ఎక్స్ఛేంజర్. 1956లో ఎర్ల్స్ కోర్ట్ షోకు వచ్చిన టీ3 దానితోనే తయారైంది. ఫైబర్‌గ్లాస్ బాడీ, రెండు సీట్లు, వెనుక 110 హార్స్‌పవర్ ఇంజన్, నాలుగు చక్రాలకూ డ్రైవ్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. మొదటి షాఫ్టు వేగం నిమిషానికి 52,000 చుట్లు. మైలేజీ గాలనుకు 13 మైళ్ల ప్రాంతానికి, లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లకు చేరింది. రెట్టింపు కంటే ఎక్కువే, కానీ ఆనాటి పెట్రోలు సెలూన్లు లీటరుకు ఎనిమిది, తొమ్మిది ఇస్తున్నాయి.

డిస్క్ బ్రేకులు అలంకారానికి పెట్టినవి కావు. పిస్టన్ ఇంజన్ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజనే కారును లాగి పట్టుకుంటుంది. రెండు షాఫ్టుల టర్బైన్‌లో రెండో షాఫ్టు స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి ఆ పట్టు రాదు. ఆగే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరు తగ్గించి నడిపే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇలాంటి ఇంజన్‌ను స్టార్ట్ చేయడంలోనూ ఒక వరస ఉంది. ముందు ఎలక్ట్రిక్ స్టార్టర్ మొదటి షాఫ్టును తిప్పుతుంది. అది గరిష్ఠ వేగంలో ఐదో వంతు ప్రాంతానికి చేరాక ఇగ్నైటర్ రాజుకుంటుంది, ఇంధనం లోపలికి వస్తుంది. అప్పుడు చూడాల్సింది పొగ ఉష్ణోగ్రత ముల్లు. అది వేగంగా లేచి, షాఫ్టు వేగం అందుకోగానే కొంచెం దిగాలి. ఇంజన్ తన బలంతో తాను తిరిగే వేగానికి వచ్చాక స్టార్టర్ విడిపోతుంది. ప్రమాదమంతా బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడే. షాఫ్టు తగినంత వేగం అందుకోకముందే ఇంధనం వచ్చి మండుతుంది, చల్లబరచడానికి గాలి చాలదు, ముల్లు హద్దు దాటుతుంది. పిస్టన్ ఇంజన్ అయితే మొరాయించి ఊరుకుంటుంది. టర్బైన్ అయితే కొన్ని సెకన్లలో రెక్కల అంచులు కాల్చుకుంటుంది. ఇంట్లో వాడే కారులో ఈ జాగ్రత్తంతా మనిషి చేతిలో వదలకూడదు. ఆ పని చూసే ఇంధన నియంత్రణ పరికరం ఇంకో ఖర్చు.

టీ4, దాని పొట్టలో పుట్టిన కారు

1961లో వచ్చిన టీ4 చూడటానికి అన్నిటికంటే మామూలు కారు, విలువలో అన్నిటికంటే గొప్పది. నలుగురు కూర్చునే సెలూన్. 140 హార్స్‌పవర్ ఇంజన్ ముందు భాగంలో, డ్రైవ్ కూడా ముందు చక్రాలకే. మైలేజీ గాలనుకు 16 నుంచి 20 మైళ్లు, అంటే లీటరుకు ఆరు, ఏడు కిలోమీటర్లు. పెట్రోలు కారును దాదాపు అందుకుంది. ఖర్చులో మాత్రం దరిదాపుల్లోకి రాలేదు.

కానీ టీ4 బాడీని గమనించాలి. ముక్కు భాగం తీసేస్తే అది రెండేళ్ల తర్వాత, 1963 అక్టోబరులో రోవర్ 2000గా అమ్మకానికి వచ్చిన పీ6 కారే. రోవర్ డిజైనర్ డేవిడ్ బాష్ గీసిన ఆకారం. రోవర్ 2000 బానెట్ ఎత్తి చూస్తే ముందు సస్పెన్షన్ ఒక వింత. మామూలుగా స్ప్రింగు చక్రం పక్కన నిలువుగా నిలబడుతుంది, దాని కోసం ఇంజన్ గది రెండు పక్కలా చోటు పోతుంది. ఇక్కడ స్ప్రింగులు పడుకుని ఉంటాయి. చక్రం పైకి లేస్తే ఒక మోచేతి ఆకారపు లివర్ తిరిగి, స్ప్రింగును వెనక్కి, డ్రైవరు కాళ్ల ముందున్న గోడ మీదికి నొక్కుతుంది. గుంతల దెబ్బంతా కారులో అత్యంత బలమైన ఆ గోడకే చేరుతుంది. ఇంజన్ గది వెడల్పుగా, ఖాళీగా మిగులుతుంది. ఎందుకంత ఖాళీ? టర్బైన్ పడుతుందేమోనని.

టర్బైన్ ఎప్పటికీ రాలేదు. రోవర్ అమెరికాలోని జనరల్ మోటార్స్ నుంచి అల్యూమినియం వీ8 ఇంజన్ డిజైన్‌ను కొనుక్కున్నాక, 1968లో ఆ 3.5 లీటర్ల వీ8 అదే గదిలో కూర్చుంది. మొదట నాలుగు సిలిండర్లతో బయల్దేరిన కారు, ఒళ్లు పెద్దగా మార్చుకోకుండానే ఎనిమిది సిలిండర్ల కారైంది. పీ6 యూరప్ ‘కార్ ఆఫ్ ది ఇయర్’ అవార్డును మొట్టమొదట గెలుచుకుంది, 1977 దాకా 3.2 లక్షలకు పైగా తయారైంది. టర్బైన్ ప్రయోగానికి పెట్టిన డబ్బు వృథా అయిందనేవాళ్లు ఈ కారును పక్కన పెట్టి మాట్లాడుతున్నారు.

అదే మనుషులు తర్వాత చేసిన పని కూడా ఇదే కోవలోది. స్పెన్ కింగ్, గోర్డన్ బ్యాష్‌ఫర్డ్ కలిసి కొత్త రకం ల్యాండ్ రోవర్ కోసం కేవలం పరీక్షలకని ఒక బాడీ గీసుకున్నారు. దాన్ని పూర్తిగా మార్చాల్సిన బాష్, పైపైన మెరుగులు దిద్ది వదిలేశాడు. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ అదే.

ఇక్కడ మనవాళ్లకు తెలిసిన కారు ప్రస్తావన ఒకటి రావాలి. పీ6 తర్వాత బాష్, కింగ్ చేసిన రోవర్ ఎస్‌డీ1 బాడీని మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1985లో ‘స్టాండర్డ్ 2000’ పేరుతో ఇక్కడ తయారుచేసింది. లోపల పెట్టింది మాత్రం దశాబ్దాల నాటి స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు వంశపు రెండు లీటర్ల పాత ఇంజన్. కొన్నేళ్లకే ఆగిపోయింది. రేపటి ఇంజన్ కోసం బాడీని సిద్ధం చేస్తే పీ6 వస్తుంది. నేటి బాడీలో నిన్నటి ఇంజన్ దించితే ఏమవుతుందో స్టాండర్డ్ 2000 చూపించింది.

లె మాన్స్: రెండు పందేలు, రెండు లెక్కలు

టర్బైన్‌కు నిజంగా అనుకూలమైన రోడ్డు ఎక్కడైనా ఉందంటే అది లె మాన్స్. పొడవాటి తిన్నని దారులు, 24 గంటల పాటు నిండు బలం. 1962లో టీ4 పందానికి ముందు ఆ ట్రాక్ మీద ప్రదర్శనగా తిరిగింది. మరుసటి ఏడాది రోవర్, బీఆర్ఎం రేసింగ్ జట్టు కలిశాయి. 1962 మొనాకో పందెంలో రిచీ గింథర్ గుద్దుకున్న ఫార్ములా 1 కారు ఛాసిస్‌ను సరిచేసి వెడల్పు చేశారు, 150 హార్స్‌పవర్ టర్బైన్ బిగించారు. పిస్టన్ ఇంజన్ల తరగతుల్లో దేనికీ చెందదు కాబట్టి ‘00’ నంబరుతో పోటీకి బయటే పరుగెత్తింది. 24 గంటల్లో కనీసం 3,600 కి.మీ. పూర్తిచేసిన తొలి టర్బైన్ కారుకు నిర్వాహకులు ప్రత్యేక బహుమతి పెట్టారు.

గ్రాహం హిల్, గింథర్ నడిపారు. సగటు వేగం గంటకు 173 కి.మీ., మొత్తం దూరం సుమారు 4,170 కి.మీ. లెక్కలోకి తీసుకుని ఉంటే ఎనిమిదో స్థానం వచ్చేది. హీట్ ఎక్స్ఛేంజర్ లేదు కాబట్టి గాలనుకు 6.97 మైళ్లు మాత్రమే ఇచ్చింది. లీటర్లలోకి మారిస్తే ఒక పగలూ రాత్రీ కలిపి దాదాపు 1,700 లీటర్ల ఇంధనం.

డ్రైవరుకు అసలు కష్టం మలుపుల్లో. యాక్సిలరేటర్ తొక్కితే ఇంధనం వెంటనే పెరుగుతుంది, కానీ మొదటి షాఫ్టు వేగం అందుకుని, వాయువు రెండో టర్బైన్ మీద తోసేదాకా బలం చక్రాలకు రాదు. కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి మలుపులోంచి బయటపడ్డాక తొక్కితే ఆలస్యమైపోతుంది. కారు ఇంకా బ్రేకు మీద ఉండగానే, మలుపు పూర్తికాకముందే, రాబోయే బలాన్ని అంచనా వేసి తొక్కాలి. అంచనా తప్పితే మలుపు మధ్యలో బలం వచ్చిపడుతుంది, ఆపడానికి ఇంజన్ పట్టు కూడా లేదు. ప్రపంచ ఛాంపియన్ చేతికి ఇది పని నేర్పరితనం. పాలు తేవడానికి వెళ్లే మనిషికి ప్రమాదం.

1964లో కారు పోటీకి దిగలేదు. 1965 నాటికి విలియం టౌన్స్ గీసిన మూసిన బాడీ వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, తిరిగే రకం హీట్ ఎక్స్ఛేంజర్లు వచ్చాయి. అమెరికా కంపెనీ కార్నింగ్ తయారుచేసిన గాజు-సిరామిక్ పళ్లేలవి. తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పళ్లెం నెమ్మదిగా తిరుగుతుంది. సగభాగం పొగదారిలో వేడి పట్టుకుంటుంది, అది తిరిగి రెండో వైపు వచ్చినప్పుడు ఒత్తిన గాలికి ఆ వేడిని అప్పగిస్తుంది. అసలు తలనొప్పి పళ్లెం అంచుల సీళ్లే. ఒక వైపు నాలుగు వాతావరణాల ఒత్తిడి, మరో వైపు ఒకటి. సీలు గట్టిగా నొక్కితే సిరామిక్ అరుగుతుంది, వదులైతే ఒత్తిన గాలి కారిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా ఆ సన్నని రంధ్రాల్లోంచి దూరడానికే వాయువు కొంత ఒత్తిడి కోల్పోతుంది, ఆ మేరకు బలం తగ్గుతుంది.

ఆ ఏడాది హిల్‌తో జాకీ స్టీవర్ట్ చేరాడు. పందెం మొదట్లోనే ఇసుక లోపలికి పోయి రెక్కలు దెబ్బతిన్నాయి. మిగతా గంటలన్నీ ఉష్ణోగ్రత హద్దు దాటకుండా కాచుకుంటూ నడిపారు. అయినా పదో స్థానంలో ముగించింది, ఆ ఏడాది గమ్యం చేరిన బ్రిటిష్ కార్లలో మొదటిది అదే. సగటు గంటకు 159 కి.మీ., మైలేజీ గాలనుకు 13.5 మైళ్లు. మొత్తం వాడిన ఇంధనం 800 లీటర్ల లోపు. రెండేళ్ల ముందు కంటే వేగం పది శాతంలోపే తగ్గింది, ఇంధనం సగానికి తగ్గింది. హీట్ ఎక్స్ఛేంజర్ ఏం చేయగలదో ఇంతకంటే స్పష్టంగా రుజువు చేయడం కష్టం. టర్బైన్‌కు అత్యంత అనుకూలమైన దారి మీద, అత్యుత్తమ పరికరంతో వచ్చిన ఫలితం ఇది. ఊరి రోడ్డు మీద ఇంతకంటే ఘనంగా ఉండదని కూడా అదే లెక్క చెప్పింది.

తర్వాత ఆ ఇంజన్ కారును వదిలి తనకు తగిన చోటు వెతుక్కుంది. రోవర్ చిన్న టర్బైన్లు వల్కన్ బాంబర్ విమానంలో సహాయక విద్యుత్తు కోసం వాడారు. ఒకే వేగంతో తిరిగే ఆ పని దానికి నప్పింది. 1967లో లారీలు చేసే లేలాండ్ కంపెనీ చేతికి రోవర్ వెళ్లాక లారీల కోసం 350 హార్స్‌పవర్ టర్బైన్ ప్రయత్నం జరిగింది. హైవే మీద నిండు బరువుతో పోయే లారీ టర్బైన్‌కు కారు కంటే మెరుగైన జోడీ, ఆలోచన సరైనదే. కానీ అప్పటికే డీజిల్ ఇంజన్లకు టర్బోచార్జర్లు వస్తున్నాయి. 1973లో చమురు ధరలు మండిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ దశాబ్దంలోనే లారీ ప్రయత్నమూ ముగిసింది. అమెరికాలో క్రైస్లర్ 50 టర్బైన్ కార్లను మామూలు జనం చేతికిచ్చి పరీక్షించినా, అక్కడా ఒక్క కారూ అమ్మకానికి రాలేదు.

2010 పారిస్ షోలో, అప్పటికి టాటాల చేతిలో ఉన్న జాగ్వార్, సీ-ఎక్స్75 అనే కాన్సెప్ట్ కారును చూపించింది. చక్రాలను తిప్పేవి నాలుగు ఎలక్ట్రిక్ మోటార్లు. సీట్ల వెనుక రెండు చిన్న గ్యాస్ టర్బైన్లు, ఒక్కొక్కటి 70 కిలోవాట్లు, నిమిషానికి 80,000 చుట్లు. వాటికి చక్రాలతో సంబంధం లేదు, ఒకే వేగంతో తిరుగుతూ బ్యాటరీని నింపడమే పని. ఆగినా కదిలినా టర్బైన్‌కు తెలియదు. మలుపు దగ్గర ఆలస్యం లేదు. ఇంజన్ పట్టు లేదన్న లోటును మోటార్లే తీరుస్తాయి. టీ4 మిగిల్చిన ప్రశ్నకు కాగితం మీద ఇది సరైన జవాబు. ఆ తర్వాత ఫార్ములా 1 కార్లు చేసే విలియమ్స్ సంస్థతో కలిసి నిజంగా రోడ్డెక్కే ప్రోటోటైపులు కట్టినప్పుడు జాగ్వార్ టర్బైన్లను తీసేసి, వాటి చోట 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ బిగించింది. 2012 డిసెంబరులో ఆ ప్రాజెక్టునూ ఆపేసింది.